ఒంటబట్టడం

మూడో వారం కూడా త్సెవెల్మా జ్వరం దిగలేదు.
పొద్దు వాలగానే ఎక్కి కూర్చుంటుంది,
కప్పుకున్న కంబళి పిండితే కారేంత చెమట పోయించి
తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతుంది.
నడుంనొప్పి మాత్రం పగలూ ఉంటుంది, కాపలాకుక్కలా.

నా మోటారుసైకిలు సంచిలో రెండు రకాల మాత్రలు:
ఒకటి పసుపుది, ఒకటి ఎర్రది.
రెండూ కలిపి ఆరు వారాలు.
మేకలు ఈనే కాలంలో, గాలిదుమారంలో
అడ్డం తిరిగిన పిల్లని ఒట్టి చేతుల్తో లాగినందుకు
ఆమె కడుతున్న అపరాధం అది.

"వేసుకుంటున్నావా అవ్వా?"
నొచ్చుకుని అట్టలు తెచ్చి ఒళ్లో పడేసింది.
ఏ రోజు గుంట ఆ రోజుకి ఖాళీ.
ఎర్రమాత్ర తన పని చేస్తూనే ఉంది,
మూత్రం నారింజ రంగులో పోతోందని
మనవడు ఎర్ఖెంబయార్ నా చెవిలో చెప్పి పరిగెత్తాడు.
మరి పసుపుది?
గొంతు దిగి ఎక్కడికి పోతోంది?

సిగ్నలు కోసం గుట్టెక్కి జిల్లా డాక్టరుకి ఫోను చేశాను.
"క్రిమి మొండిదేమో" అన్నాడు.
మిగతాదంతా గాలి తినేసింది.

ఆ రాత్రి వాళ్ల ఉన్ని గుడారంలోనే పడుకున్నాను.
చీకటుండగానే ఆమె లేచింది.
పేడపిడకలు రాజేసి, పాలూ ఉప్పూ వేసి
గరిటెతో ఎత్తి పోసి, ఎత్తి పోసి
టీ కాచింది.
తొమ్మిది గుంటల కొయ్య చెంచాతో
మొదటి చుక్కలు ఆకాశానికి చిమ్మింది.
తర్వాత గిన్నె నిండా తను పోసుకుని
నాలుక మీద పసుపుమాత్ర పెట్టుకుని
గటగటా తాగేసింది.

దొంగ దొరికాడు.

పరీక్ష కోసం బట్టీపట్టిన పేజీ
ఆ పొయ్యి వెలుగులో మళ్లీ చదువుకున్నాను.
మాత్ర విచ్చుకుంటుంది, పొడి కరుగుతుంది,
పేగు లోపలి గోడ నూగునూగుగా, మీరు కొట్టే ఉన్నిలాగే ఉంటుంది,
ఆ నూగు సందుల్లోంచి మందు నెత్తుట్లోకి దాటాలి.
కాలేయం తన సుంకం తాను తీసుకుంటుంది.
మిగిలింది నీ నడుము దాకా నడిచి వెళ్లాలి.
అంత దూరం పోవలసిన మనిషిని
పాలలోని సున్నం వాకిట్లోనే చెయ్యిపట్టి ఆపి
కబుర్లలో పెట్టేసింది.
ఇద్దరూ అలా చేతులు పట్టుకునే
పెరటిదారిన బయటికి పోయారు.
మింగడం వేరు, ఒంటబట్టడం వేరు.

"పాలా?" అంది.
దొంగ పేరు చెప్పమంటే నేను
కన్నబిడ్డ పేరు చెప్పినట్టు చూసింది.
"తెల్లనిది ఎవరికీ చెడు చెయ్యదు."
జ్వరం కూడా ఆ మందలోంచే వచ్చిందని
అప్పుడు అనబుద్ధి కాలేదు.

"ఒట్టి నీళ్లతో వేసుకో.
వేసుకున్నాక అరగంట నడుం వాల్చకు.
టీ రెండు గంటలు ఆగాక."
"గడపలోకొచ్చిన వాడికి ఒట్టి నీళ్లు పోస్తారా ఎవరైనా?
మా అమ్మ వింటే తల దించుకునేది."
"ఈ చుట్టానికి నీళ్లే ఇష్టం అవ్వా."
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత పీపాలోంచి కాచిన నీళ్లు ముంచింది,
లోకువైన వస్తువుని ముట్టుకున్నట్టు.

రేడియోలో వాతావరణం చెప్పగానే మాత్ర,
గుర్రాల పాటలయ్యాక టీ.
మనవడు అలా గుర్తు పెట్టుకున్నాడు.
మధ్యలో ఆమె పడుకోకూడదని
దూడల్ని కట్టే తాడు ఆ చివరి నుంచి ఈ చివరికి
ఊరికే సరిచేస్తూ తిరిగేదట.

పద్దెనిమిది రోజులకి మళ్లీ వెళ్లాను.
కంబళి పొడిగా దండెం మీద ఉంది.
నడుము ఇంకా కొంచెం సణుగుతోంది,
అది ముసలితనమో రోగమో నేను తేల్చలేను.
గిన్నె అంచుదాకా టీ పోసి,
నా చేతికివ్వబోయి ఆగింది.

"నువ్వేం మందులు వాడట్లేదు కదా?"